గోడకి చెవి ఆనించే మనిషి

ముసలాయన షాపులోకి వచ్చి, ఎవరినీ పలకరించకుండా, తిన్నగా వెళ్లి గోడకి చెవి ఆనించాడు.

ఫోటోలకి ఫ్రేములు కట్టే షాపు అది. ఎనిమిది షాపుల వరుసలో మూడోది. మొగుడు గాజు కోస్తాడు, పెళ్లాం వెనక అట్టలు అంటిస్తుంది.

“ఏం కావాలి పెద్దాయనా?” అడిగాడు ఫ్రేములాయన.

ముసలాయన కళ్లు మూసుకుని వింటున్నాడు.

“నీతో విడిగా రెండు ముక్కలు మాట్లాడాలి బాబూ,” అన్నాడు చివరికి.

“పనుంటే ఇక్కడే చెప్పు. లేకపోతే దారి అటు.”

ముసలాయన ఆమె వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఆమె చేతిలో జిగురు బ్రష్ అలాగే ఆగిపోయింది.

“ఏమండీ, తాళాల షాపుకి వచ్చింది ఈయనే. వారం తిరక్కుండా అది మూసేశారు. తర్వాత పక్కన దర్జీ దగ్గరికి వచ్చాడు. మర్నాడే ఆ దర్జీ మిషను మోయించుకుని వెళ్లిపోయాడు. ఎందుకని అడిగితే నోరు విప్పలేదు.”

“ఈయన చెవి ఆనిస్తే షాపులు మూతపడేట్టయితే, ఎదర వీధిలో ఇంకో ఫ్రేముల షాపుంది. అక్కడికి పంపుదాం. నువ్వు అట్టలు అంటించు.”

అన్నాడే గానీ, ఆయనకీ లోపల బెరుగ్గానే ఉంది.

భార్యకి చెప్పని సంగతి ఒకటుంది. కొన్నాళ్లుగా రోజూ పొద్దున షాపు తెరిచేసరికి గోడకున్న ఫోటోలన్నీ ఒకే పక్కకి ఒరిగి ఉంటున్నాయి. తాతలూ, పెళ్లికూతుళ్లూ, పసిపిల్లలూ అందరూ తలలు వాల్చి, పక్క గదిలో మాటలు వింటున్నట్టు.

పక్క గదిలో ఎవరూ లేరు. దర్జీ ఖాళీ చేసిన గది అది.

ఆమె వచ్చేలోగా ఆయన అన్నీ సరిచేసి పెట్టేవాడు.

ముసలాయన మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

“ఏం వినిపిస్తోంది తాతా?” ఆమె ఉండబట్టలేక అడిగింది.

“అలిసిపోయిందమ్మా,” అన్నాడు గోడ నిమురుతూ. “ఇంక నిలబడలేనంటోంది. నువ్వు ఇక్కడ కూర్చోకు తల్లీ.”

ఫ్రేములాయన లేచి, ముసలాయన జబ్బ పట్టుకుని వీధిలోకి నెట్టాడు.

“మళ్లీ గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా.”

ముసలాయన ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. ఎండలో, తిండీ నీళ్లూ లేకుండా, షాపు వైపే చూస్తూ. ఆమె పని చేస్తున్నంతసేపూ వీపు మీద ఆ చూపు తగులుతూనే ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన ఒక్క ఉదుటున లోపలికొచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయాడు.

ఆ వయసులో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో.

ఫ్రేములాయన చేతికందిన చెక్క బద్ద తీసుకుని వెంటపడ్డాడు. నడివీధిలో అందుకుని భుజం మీద ఒకటి వేశాడు. రెండోది వెయ్యబోతుంటే, వెనక ఎవరో పెద్దగా నిట్టూర్చినట్టయింది.

తిరిగి చూస్తే షాపు లేదు.

దర్జీ గదికీ తమ షాపుకీ మధ్య గోడ కూలి, పైకప్పంతా ఆమె కూర్చునే స్టూలు మీద పడి ఉంది. దుమ్ములో కనపడకుండా గాజు పలకలు పగులుతూనే ఉన్నాయి.

దుమ్ము తగ్గేసరికి ముసలాయన లేడు.

రెండు రోజులు మొగుడూ పెళ్లాం ఊరంతా వెతికారు. మూడో రోజు, దర్జీ కొత్తగా షాపు పెట్టిన సందు తెలుసుకుని అక్కడికి వెళ్లారు.

“పొద్దునే కాటికి సాగనంపి వచ్చాం,” అన్నాడు దర్జీ తలెత్తకుండా. “ఎప్పట్నించో ఒంట్లో బాగోలేదు ఆయనకి. నీ భార్య బతికిందని ఒకటికి పదిసార్లు చెప్పుకుని మరీ పోయారు.”

ఫ్రేములాయన కుట్టుమిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు.

“గోడ సంగతి నీకు ముందే తెలుసా?”

“తాళాలాయనకీ తెలుసు. ఇద్దర్నీ విడిగా పిలిచి చెప్పారు. బయట పెట్టొద్దని ఒట్టు వేయించుకున్నారు. నీకూ చెబుతానన్నారు. చెప్పే ఉంటారనుకున్నా.”

“ప్రాణం కాపాడే మాటకి దాపరికం దేనికన్నయ్యా?” అడిగింది ఆమె.

“సిగ్గమ్మా,” అన్నాడు దర్జీ. “ఆ ఎనిమిది షాపులూ కట్టిన మేస్త్రీ ఆయనే.”