ఖర్ అనే మాట

కోతుల భాషలో మొట్టమొదట పుట్టిన మాట 'ఖర్'. ఏనాడో తన బిడ్డను చిరుత ఎత్తుకుపోతుంటే ఓ తల్లి పెట్టిన కేక అది. ఆ కేకే చిరుతకు పేరైంది. అప్పటినుంచీ తల్లులు పేలు చూసేటప్పుడల్లా ఆ మాటను పిల్లల చెవిన వేసేవి.

చాలాకాలం చిరుత రాలేదు. ఒకరోజు ముసలి బూదవ్వ చంటి మనవరాలికి పేలు చూస్తూ 'ఖర్' అనగానే, ఆ పిల్ల జడుసుకుని ఏడ్చింది. మందపెద్దకు ఒళ్లు మండింది.

"రానిదాని పేరు చెప్పి పిల్లల్ని హడలగొడతావేం? ఇకమీదట ఎవరూ ఆ మాట ఎత్తొద్దు!"

"అది చచ్చిందని నీతో ఎవరన్నార్రా?" అంది బూదవ్వ. దాని మాట ఎవరూ వినలేదు. తల్లులు పేలు చూస్తూనే ఉన్నాయి, నోరు మాత్రం విప్పలేదు.

మనవరాలు పెరిగి తానూ తల్లయింది. ఓ మధ్యాహ్నం బిడ్డను పక్కన వదిలి ఇప్పపూలు ఏరుకుంటుంటే, కొమ్మ మీంచి బూదవ్వ గొంతు చించుకుంది.

"చెట్టెక్కవే! ఖర్ వస్తోంది!"

"ఖర్ అంటే ఏంటవ్వా?" అని తలెత్తి అడిగింది మనవరాలు.

బూదవ్వ చెప్పేలోపే గడ్డిలోంచి చిరుత దూకి బిడ్డను ఎత్తుకుపోయింది.

మనవరాలు గుండెలు పగిలేలా కేక పెట్టింది. ఎవరూ నేర్పకపోయినా, ఆ కేక 'ఖర్' అనే వినిపించింది.