ఒక్క మాట రాయండి, డాక్టర్ గారూ

"డాక్టర్ గారూ, మీ నోట్స్‌లో ఒక్క మాట తక్కువైంది" అంది ఆమె ఫోన్లో.

"ఏ మాట?"

"'తిరగబెట్టింది' అన్న మాట. కుడి కంట్లో కండ పెరిగింది, నల్లగుడ్డు మీదికి పాకింది, కోసి తీసెయ్యాలి... ఇంతవరకే రాశారు. ఇది కొత్తగా వచ్చిందా, ఓసారి తీసేస్తే మళ్ళీ వచ్చిందా? కొత్తదానికి ఒక కోడు, మళ్ళీ వచ్చినదానికి ఇంకో కోడు. మీరు రాయందే నేను వెయ్యలేను."

"ఉన్నదే రాశానమ్మా. దానికి తగ్గ కోడు వేసి పంపించెయ్యండి" అని డాక్టరు ఫోన్ పెట్టేశాడు.

పెట్టేస్తే ఊరుకునే మనిషి కాదామె. డాక్టర్ల రాతలు చదివి, జబ్బుకి సరైన కోడు పడేలా చూడడం ఆమె ఉద్యోగం. ఆఫీసులో ఆమెని భూతద్దం అంటారు. మొదట ఎగతాళికి పెట్టిన పేరే. టీమ్ లీడరు కూడా మెచ్చుకోలుగా అదే పేరుతో పిలవడం మొదలుపెట్టాక ఎగతాళి చేసినవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. ఎడమ కంటికి కుడి కంటి కోడు పడిందంటే ఆమె దగ్గర దొరికిపోవాల్సిందే. ఇక ఆ ఫైలు వదలదు. ఉడుం పట్టు.

ఈ ఫైల్లో మనిషి బస్సు డ్రైవరు. వయసు యాభై దాటింది. లైసెన్సు మళ్ళీ ఇవ్వాలంటే కంటి పరీక్ష పాసవ్వాలి. ఆ కండ అలాగే ఉంటే పాసయ్యేది లేదు, స్టీరింగు పట్టేది లేదు. ఆపరేషను రేపు పొద్దున్న. బీమా డబ్బు మంజూరైతేనే.

ఫైల్లో నంబరు చూసి ఆమె ఆ డ్రైవరుకే ఫోన్ చేసింది.

"బాబాయ్, మీ కంటి ఆపరేషను ఫైలు నేనే చూస్తున్నాను. చిన్న సందేహం వచ్చింది."

"అడగమ్మా, అడుగు! పొద్దుట్నుంచీ ఫోన్ ఎప్పుడొస్తుందా అని కూర్చున్నాం. డబ్బు మంజూరైందా?"

"దాని గురించే నా తాపత్రయం. ఈ కంటికి ఇదివరకు ఆపరేషనేమైనా అయిందా?"

"అయింది తల్లీ. నాలుగేళ్ళవుతోంది. ఈ డాక్టరు గారే చేశారు. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత ఆ పాడు కండ మళ్ళీ పుట్టుకొచ్చింది. ఎదురుగా లైట్లేసుకుని బండి వస్తే ఒకటి రెండుగా కనబడుతోంది. ఆయన తప్పేం లేదమ్మా. ఎండా దుమ్మూ, మా ఉద్యోగమే అలాంటిది."

పక్క సీటు అమ్మాయి వింటూనే ఉంది. "తను చేసిన ఆపరేషను నిలవలేదని తన చేత్తోనే రాయమంటే ఏ డాక్టరు రాస్తాడక్కా?" అని నవ్వింది.

ఆమె నవ్వలేదు.

"అప్పటి కాగితాలున్నాయా బాబాయ్?"

"ఎక్కడో ఉండాలి. ఇప్పుడవి ఎందుకమ్మా?"

"అవి చూపిస్తే డాక్టరు గారు కాదనలేరు. అడగందే అమ్మైనా పెట్టదు, కాగితం లేందే ఆఫీసు కదలదు."

ఆయన భార్యని కేకేశాడు. బీరువా తెరిచిన చప్పుడు, మంచం కింద పెట్టె లాగిన చప్పుడు, "దాచింది మీరు, వెతకాల్సింది నేనూనా?" అన్న సణుగుడు, అన్నీ ఫోన్లో వినిపిస్తున్నాయి. ఆమె విసుక్కోకుండా లైన్లోనే ఉంది. చివరికి కాగితం దొరికింది.

"వెలుతుర్లో పెట్టి ఫొటో తియ్యండి పిన్నీ. తేదీ స్పష్టంగా పడాలి" అని దగ్గరుండి చేయించినట్టు చేయించింది.

"కన్న కూతురైనా ఇంత శ్రద్ధ పెట్టదమ్మా" అన్నాడు డ్రైవరు. "నువ్వు ఏ అంతస్తులో ఉంటావు? రేపు వచ్చినప్పుడు ఒక్కసారి కనబడి పోతాం."

"ఎందుకులెండి బాబాయ్. నా పని నేను చేస్తున్నాను, అంతే."

ఆ ఫొటో డాక్టరుకి పంపి, మళ్ళీ ఆయనకి ఫోన్ కొట్టింది.

"కింద మీ సంతకమే ఉంది డాక్టర్ గారూ. అదే కన్ను, అదే కండ. ఇప్పుడైనా రాస్తారా, మా పైవాళ్ళు మీ పైవాళ్ళతో మాట్లాడాలా?"

"అది రాస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదమ్మా."

"తెలుసు. నిజం రాయడానికి అంత వెనకాడటం దేనికి?"

"ఆయన ఇంకో పదేళ్ళు బస్సు నడుపుకోవాలనే చేశానమ్మా, నేను చేసింది."

"మంచిదే. ఆ ఒక్క మాట రాయండి."

కాసేపటికి ఫైల్లో కొత్త వాక్యం పడింది. కుడి కన్ను, ఆపరేషను తర్వాత తిరగబెట్టిన కండ. పక్కన తేదీ, సంతకం. డాక్టరు ఇంకేమీ రాయలేదు.

ఆమె పాత కోడు తీసేసి కొత్త కోడు వేసింది. కుడి కన్నేనా అని మరోసారి చూసుకుంది. "శభాష్ భూతద్దం! ఇంకొకరైతే కళ్ళు మూసుకుని వదిలేసేవాళ్ళు" అంది లీడరు, అందరికీ వినబడేలా.

ఇంతలో డ్రైవరే ఫోన్ చేశాడు. "డాక్టరు గారు రాశారా అమ్మా?"

"రాశారు బాబాయ్."

"నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ! ఏమేవ్, విన్నావా? పట్టుబట్టి సాధించిందే ఆ అమ్మాయి!"

ఆమె ఫోన్ పెట్టేసింది. పక్కన చల్లారిపోయిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది.

తర్వాతి ఫైలు తెరిచేముందు, తమ బీమా కంపెనీ తరఫున ఆ డ్రైవరుకి రెండు ముక్కలు రాసి పంపింది: "మీరే పంపిన రుజువు ప్రకారం మీ కంటి జబ్బు రెండేళ్ళ కిందట మా దగ్గర మీరు తీసుకున్న పాలసీ కన్నా పాతది కనుక, మీ ఆపరేషనుకి డబ్బు ఇవ్వడం కుదరదు."