నాలుగో చీటీ

ఆ వార్డులో రోగి ఎవరైనా పోతే, డ్యూటీలో ఉన్నవాళ్లు తలుపేసుకుని కాసేపు కూర్చుంటారు. పోయిన మనిషి గురించి ఒక్కో మాట చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా గిన్నెలో వేస్తారు. పెద్ద నర్సు పైకి చదువుతుంది. ఆమె పెట్టిన అలవాటే ఇది. లేకపోతే ఈ ఉద్యోగంలో గుండె రాయైపోతుందని ఆమె నమ్మకం.

ఆ రాత్రి ఆరో మంచం ముసలమ్మ పోయింది. గదిలో ఉన్నది ముగ్గురే: పెద్ద నర్సు, డాక్టరు, కొత్త నర్సు.

"'మందు చేదని నన్ను తిట్టేది.' ఇది మీదే కదా డాక్టర్ గారూ?"

డాక్టరు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

"'దుప్పటి తనే మడతపెట్టుకునేది.' ఇది నాది. 'నా చెయ్యి పట్టుకునే కన్ను మూసింది.' నీదేగా అమ్మా?"

కొత్త నర్సు తలూపింది. ముసలమ్మ కూతురికీ ఆ మాటే చెప్పింది.

గిన్నె పక్కన పెట్టబోయి పెద్ద నర్సు ఆగింది.

"ఇంకోటుందేంటి? రెండు చీటీలు రాసిందెవరు?"

ఇద్దరూ తాము కాదన్నట్టు తల అడ్డంగా ఊపారు. ఆమె చీటీ విప్పింది. వంకర అక్షరాలు. సిరా ఇంకా ఆరలేదు.

"'ఫోను మోగితే నా చెయ్యి వదిలేసి బయటికెళ్లింది. అప్పటికి నేనింకా ఉన్నాను.'"

కొత్త నర్సుకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

బల్ల కింద, ఒళ్లో ఉన్న ఆమె చేతిని ఓ చల్లటి చెయ్యి మెల్లగా పట్టుకుంది.

అప్పుడే ఆమె జేబులో ఫోను మోగింది.