చల్లటి రేవు

గోదారి నీళ్లు చేపలు బతకలేనంతగా కాగిపోయాక, ఒడ్డునున్న ప్రతి ఇల్లూ వేసవిలో తన రేవును యంత్రంతో చల్లబరుస్తోంది. ఆ మధ్యాహ్నం కరెంటు చాలక, ఇంటికి ఒక్క యంత్రమే నడుపుకోమన్నారు. గదైనా చల్లబడాలి, రేవైనా చల్లబడాలి.

వీరవేణి ఒళ్లో ఏడాది మనవరాలు వడదెబ్బకు సోలిపోయి ఉంది.

"రేవులో యంత్రం కట్టేసి గదిలోది ఎయ్యవే. అందరూ అదే చేశారు," అన్నాడు భర్త సింహాద్రి.

"మనమూ కట్టేస్తే ఒక్క చేపా మిగల్దు మావా," అంటూ ఆమె పిల్లను ఎత్తుకుని మెట్లు దిగి, నీళ్లు నడుము దాకా వచ్చే మెట్టు మీద కూర్చుంది.

కాసేపటికి పిల్ల ఒళ్లు చల్లబడింది. కళ్లు తెరిచి, చుట్టూ తిరిగే చేపలను చూసి నవ్వింది. వీరవేణి ప్రాణం కుదుటపడింది.

అంతలో పక్క రేవుల చేపలన్నీ ఆ కాస్త చల్లదనం కోసం ఎగబడి వచ్చాయి. నీళ్లు కిక్కిరిసిపోయాయి. చేపలు నోళ్లు పైకెత్తి గాలి కోసం కొట్టుకుంటున్నాయి.

"ఇన్నిటికీ ఆ నీళ్లలో ఊపిరి చాలట్లేదే!" గట్టు మీంచి అరిచాడు సింహాద్రి.

ఒక్కొక్కటిగా తెల్లటి పొట్టలు తేలసాగాయి. వీరవేణి ఒక చేత్తో పిల్లను పొదువుకుని, నీళ్లలోకి గాలి చేరాలని రెండో చేత్తో గబగబా చిలకసాగింది. సింహాద్రి కూడా దిగి రెండు చేతులా చిలికాడు.

చేపలు ఇంకా వస్తూనే ఉన్నాయి.