ముందు వరుసలో అత్తయ్య

ముసుగులు పణంగా పెట్టిన కుస్తీ పందెంలో ఓడిపోయాను. ఓడినవాడు రింగు మధ్యలో నిలబడి, తన చేత్తోనే ముసుగు తీసి, మైకులో అసలు పేరూ ఊరూ చెప్పుకోవాలి. దానికి తిరుగులేదు.

నా భయమల్లా ముందు వరుసలో ఉన్న మా అత్తయ్య ఒతీలియా గురించే. నేను దుర్మార్గుల జట్టువాణ్ణి, జనంచేత తిట్టించుకోవడమే నా పని. ఆవిడ తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం వచ్చి ముసుగులో ఉన్నది నేనని తెలియక, ఈ ‘నల్ల తేలు’ని నోరారా తిడుతోంది. ఇంట్లో మాత్రం నన్ను ‘బాబూ’ అని తప్ప పిలవదు.

ఇందాక నేను పడిపోయినప్పుడు కూడా, “లేవరా పందిమొహమోడా, లే!” అని గొంతు చించుకుంది.

ముడి విప్పి ముసుగు తీశాను. “ఎవరిస్తో బర్రాగాన్. మాది ప్యూబ్లా” అన్నాను. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. అత్తయ్య మాత్రం శాలువాతో కళ్లొత్తుకుంటోంది.

కిందికి దిగి ఆవిడ ముందు తల వంచుకున్నాను. “క్షమించండి అత్తయ్యా. నేనూ మీ అమ్మాయీ మీ దగ్గర దాచాం.”

“దాచారా? చిరిగినప్పుడల్లా ఆ ముసుగు కుట్టిందెవరనుకున్నావు బాబూ? మీ ఆవిడకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు!”

“అయితే... తెలిసే తిట్టారా?”

“అల్లుణ్ణి ఇంట్లో తిడితే ఏం బాగుంటుంది?” అంది ముక్కు చీదుతూ. “ఇప్పుడిక ఆదివారాలు ఎవర్ని తిట్టుకోను, చెప్పు?”