ఎత్తెక్కితే టకటక

సాయంత్రం ఐదింటికి లాయరమ్మ కారెక్కుతుంది. అప్పటికీ ఇంజన్లో ఆ టకటక వినిపించిందో, అతని పరువు గంగపాలే.

అందుకే పొద్దున్నే ఆ పాత కారు తోలుకుంటూ ఊరి చివరనున్న మేస్త్రమ్మ షెడ్డుకొచ్చి పడ్డాడు. ఆవిడ చెవి పెట్టిందంటే ఎంత మొండి ఇంజనైనా నిజం కక్కాల్సిందేనని పేరు.

"మోత ఎప్పుడొస్తోంది?" అంది మేస్త్రమ్మ కళ్ళజోడు సవరించుకుంటూ.

"ఎత్తు ఎక్కేటప్పుడేనండీ. చదును రోడ్డు మీద నోరెత్తదు. ఎలాగైనా సాయంత్రానికి బాగుచెయ్యాలి. బాగైపోయిందని లాయరమ్మకి ఇప్పటికే మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి నమ్మదు."

"పెళ్ళాం లాయరైతే మొగుడి బతుకంతా వాయిదాలే!" అని జాలిపడింది మేస్త్రమ్మ.

అతను గబగబా బానెట్ ఎత్తాడు.

ఆవిడ ఇంజను స్టార్ట్ చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇంజను మొత్తం విప్పాలంటుందేమోనని అతను గడియారం చూసుకున్నాడు.

"లోపలంతా భేషుగ్గా ఉంది. ఎవరో పైపైన కెలికారు."

ఇంజను ఆపించి, ముందున్న పుల్లీ మీది జిడ్డును గోటితో గీకింది. పైకి కనిపిస్తున్న గీత పక్కనే, జిడ్డు కింద నుంచి ఇంకో గీత బయటపడింది.

"చూశారా! అసలు గీత ఇదీ. జిడ్డు తుడిచే ఓపిక లేక, ఆ మహానుభావుడెవరో పైకి కనబడ్డ గీత చూసి టైమింగ్ పెట్టేశాడు. పెట్రోలు వేళకాని వేళ ముందే అంటుకుంటోంది. ఎత్తెక్కేటప్పుడు కొట్టుకోక ఏం చేస్తుంది పాపం? ఎవడండీ ఆ వెధవ?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఉన్నాడులెండి ఒకడు."

"గాడిదలు కాసుకోవాల్సిన వాడి చేతికి పానాలిచ్చారు!"

"అవునండీ," అన్నాడు నీరసంగా.

"సరే, ఆ పదో నంబరు పానా ఇలా అందుకోండి."

అతను వెతికి వెతికి పదమూడోది ఇచ్చాడు.

"అయ్యో రాత! చూస్తే చదువుకున్నవాడిలా ఉన్నారు," అంటూ తనే తీసుకుంది. ఒక బోల్టు వదులు చేసి, పెట్రోలుకు వేళకు నిప్పందించే డిస్ట్రిబ్యూటర్‌ని నువ్వుగింజంత వెనక్కి తిప్పి, మళ్ళీ బిగించింది.

ఇద్దరూ కారెక్కి షెడ్డు వెనకాల ఎత్తుకేసి పోనిచ్చారు. అతను భయం భయంగా యాక్సిలరేటర్ తొక్కాడు. టక్కుమంటే ఒట్టు! కారు కిక్కురుమనకుండా పైకెక్కింది. సంతోషం పట్టలేక అతను స్టీరింగు వదిలేసి మరీ మేస్త్రమ్మకు దండం పెట్టాడు.

"ముందు రోడ్డు చూడండి! దండాలు నాకెందుకుగానీ, ఆ వెధవ గడప మాత్రం ఇంకోసారి తొక్కకండి."

"చూస్తానండీ," అన్నాడు.

సరిగ్గా ఐదింటికి, ఊరికి ఆ చివరనున్న తన సొంత షెడ్డు ముందు, 'ఇంజన్ స్పెషలిస్టు' అని తాటికాయంత అక్షరాలతో రాసిన బోర్డు కింద నిలబడి, లాయరమ్మకు ఆవిడ కారు తాళాలు అందిస్తూ, "నా చేతిలో పడ్డాక ఏ ఇంజనైనా దారికి రావాల్సిందేనండీ!" అన్నాడు.