మంచం ఉన్న బండి

పటాన్‌చెరు హైవే పక్కన పాత బండ్లు అమ్మే యార్డులో, లోపల పడక అమర్చిన వ్యాన్లు రెండే ఉన్నాయి. ఒకటి పన్నెండేళ్ల డీజిల్‌ది, ఇంకొకటి మూడేళ్ల పెట్రోల్‌ది.

నర్సింహులు మనసు డీజిల్ బండి మీద పడింది. "లోపల జాగ మస్తుగున్నది. మైలేజీ గూడ ఇస్తది," అన్నాడు భార్యతో.

దేవమ్మ ఆ మాట పట్టించుకోలేదు. "రెండూ స్టార్ట్ చెయ్యన్నా, సూస్త," అంది యార్డు యజమానితో.

డీజిల్ బండి మూడోసారికి గానీ అందుకోలేదు. పెట్రోల్ బండి తాళం తిప్పగానే స్టార్టయింది. దేవమ్మ అందులోకి ఎక్కి అద్దాలన్నీ బిగించింది. సందుల వెంట అరచెయ్యి పెట్టి, గాలి వస్తుందేమో చూసింది.

యజమాని నవ్వాడు. "టూర్లకు పోయెటోళ్లకు గింత తొందరేందమ్మా? డీజిల్‌ది జెర వేడైతే సాలు, కాశ్మీర్ దాంక పోతది."

"టూర్లకు కాదన్నా. మా ఇంటెనక మందుల కంపెనీ ఉన్నది. పోయిన నెల గ్యాస్ లీకైనప్పుడు, లేవలేని మా అత్తమ్మను మంచం మీదనే ఇడిసి ఉరికినం. ఎనకకెల్లి పిలుస్తనే ఉన్నది."

యజమాని నవ్వు ఆగిపోయింది. "మరి పెద్దమ్మ?"

"బతికింది. గప్పటిసంది మాతోని మాట్లాడతలేదు."

నర్సింహులు తల వంచుకుని, పెట్రోల్ బండి తాళం చేతిలోకి తీసుకున్నాడు.

"కాయితాలు జల్దీ చెయ్యి భాయ్," అన్నాడు. "రెండు దినాలసంది మళ్ల గదే వాసనొస్తున్నది."